నాన్నగారి లివరే నాకూ వచ్చిందా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెకు 37 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం, పుట్టిల్లు కోనసీమలో ఒక పల్లె. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. "నన్ను చూసి లావు అన్నవాళ్లు ఇంతవరకు లేరు" అంటారు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అని వచ్చింది. లివర్ రక్తపరీక్షలైన ఎస్జీపీటీ 64, ఎస్జీఓటీ 41, ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 5.9, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 190. మద్యం ముట్టరు, మాంసం తినరు, ఏడాదిగా ఇంట్లో నూనె కూడా బాగా తగ్గించేశారు.

ఆమె నాన్నగారు స్కూలు మాస్టారు. షుగర్ ఉండేది. ఆఖర్లో పొట్టలో నీరు చేరుతుండేది. 2011లో, 59వ ఏట, లివర్ చెడిపోయి పోయారు. జీవితంలో మందు వాసన చూడని మనిషి. అయినా పదో రోజు భోజనాల దగ్గర ఎవరో "మాస్టారు చాటుగా పుచ్చుకునేవారేమో" అనడం ఈమె చెవిన పడింది. ఇప్పుడు తన రిపోర్టు చూసి అత్తగారు, "తాగకుండా లివర్ ఎందుకు పాడవుతుందమ్మా? మీ వైపు ఏదో ఉంది" అన్నారట. భర్తేమో, "జీన్స్‌లోనే ఉంటే నోరు కట్టుకుని ఏం లాభం" అంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు 90 కిలోలు, వారానికి మూడుసార్లు బిర్యానీ, అతని స్కాన్ మాత్రం నార్మల్. ఇంటికొచ్చి ఉమ్మి తీసుకెళ్లి జీన్ టెస్ట్ చేస్తామని ఒక కంపెనీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. పల్లెలో ఉన్న అమ్మ విషయం తెలిసినప్పటి నుంచి ఫోన్లో ఒకటే మాట: "నేను పెట్టిన అన్నం వల్లేనా మీ నాన్న పోయింది?" పదేళ్ల కూతురు బొద్దుగా ఉంటుంది, మెడ వెనక నలుపు. శనగపిండి పెట్టి ఎంత రుద్దినా పోవడం లేదు.

ఇది వంశంలో ఉన్నదా, తిండి వల్ల వచ్చిందా? జీన్ టెస్ట్ చేయించుకోవాలా? పాపకూ వస్తుందా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరంలో భయం ఎక్కువగా ఉంది కాబట్టి ముందు ఒక లెక్క చేద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి. మీ వయసును ఎస్జీఓటీతో గుణిస్తే, 37 ఇంటూ 41, 1517. మీ ఎస్జీపీటీ 64, దాని వర్గమూలం 8. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుంటే 240. 240ని 8తో గుణిస్తే 1920. ఇప్పుడు 1517ని 1920తో భాగించండి. 0.79 వస్తుంది. డాక్టర్లు దీన్ని ఫిబ్-4 అంటారు. ఇది 1.3 లోపు ఉంటే లివర్‌లో మచ్చ కట్టి గట్టిపడే జబ్బు ముదిరి ఉండే అవకాశం చాలా తక్కువ. రిపోర్టులో మిమ్మల్ని భయపెట్టిన "గ్రేడ్ 2" అనే మాట కొవ్వు ఎంత ఉందో చెబుతుంది, మచ్చ సంగతి చెప్పదు. మీ నాన్నగారి కథ ఉంది కాబట్టి ఒకసారి ఫైబ్రోస్కాన్, అంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్, చేయించుకోమంటాను. అలాగే హెపటైటిస్ బి, సి పరీక్షలు. నాన్నగారికి అవి చేశారో లేదో మీరు రాయలేదు. మద్యం తాగని మనిషికి లివర్ చెడిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. షుగర్ ఉండేదంటే ఫ్యాటీ లివరే అయి ఉండే అవకాశం ఎక్కువ. కానీ హెపటైటిస్ బి అయితే ఇంట్లో మిగతావాళ్లకూ అంటుకుని ఉండొచ్చు, అందుకే ఆ అనుమానం ముందు తీర్చుకోవాలి.

ఇక "నేను సన్నమే" అన్న మాట. ఎత్తు, బరువు లెక్కన మీ బీఎంఐ 23.5. మన దేశపు మనుషులకు 23 దాటితే చాలు, అధిక బరువు కింద లెక్క, తెల్లవాళ్లకు 25. నడుము 34 అంగుళాలని మీరే రాశారు, అంటే 86 సెంటీమీటర్లు. మన ఆడవాళ్లకు హద్దు 80. చేతులు, ముఖం సన్నగా ఉండి కొవ్వంతా పొట్టలో చేరే శరీరాలు మనలో చాలా ఎక్కువ. పైగా హెచ్‌బీఏ1సీ 5.9 అంటే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టే, 6.5కి వస్తే లోపలికి వచ్చేసినట్టు.

వంశం సంగతికి వద్దాం. మీవారు అడిగిన ప్రశ్న మీద మీకు కోపం వచ్చినట్టుంది గానీ, అది సరైన ప్రశ్నే. జవాబు మాత్రం ఆయన అనుకున్నదానికి తలకిందులుగా ఉంటుంది.

లివర్‌లో కొవ్వు చేరడంలో వంశానికి పెద్ద వాటాయే ఉంది. 2015లో అమెరికాలో కవలల మీద చేసిన పరిశోధనలో, మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో సుమారు సగం జన్యువుల వల్లేనని తేలింది. ఫ్యాటీ లివర్ ముదిరి సిర్రోసిస్ (లివర్ అంతా మచ్చలు కట్టి గట్టిపడడం) వచ్చినవారి తోబుట్టువులకు, పిల్లలకు లివర్ గట్టిపడే ముప్పు మామూలువారి కంటే 12 రెట్లు ఎక్కువని 2017లో మరో చిన్న అధ్యయనం చెప్పింది. కాబట్టి "మీ వైపు ఏదో ఉంది" అన్న మీ అత్తగారి మాట సగం నిజం కావచ్చు. ఆ ఏదో అన్నది సీసాలో ఉన్నది మాత్రం కాదు.

ఈ జన్యువుల్లో అందరికంటే పేరు మోసినది పీఎన్‌పీఎల్‌ఏ3. అమెరికాలోని డాలస్ శాస్త్రవేత్తలు దీని సంగతి 2008లో బయటపెట్టారు. ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో 148వ స్థానంలో ఒకే ఒక్క ముక్క మారుతుంది, అంతే. ఈ మార్పు అరుదైనదేం కాదు. మన ఉపఖండంలో సుమారు ప్రతి నాలుగు కాపీల్లో ఒకటి ఇలాంటిదే. మనకు ప్రతి జన్యువూ రెండు కాపీలు ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. రెండూ మారినవే వస్తే ముప్పు ఎక్కువ.

అది చేసే పని మీ పల్లె భాషలో చెబుతాను. లివర్ కణంలో కొవ్వు చిన్న చిన్న బొట్లుగా నిలవ ఉంటుంది, గాదెలో ధాన్యంలాగా. అవసరమైనప్పుడు గాదె తెరిచి ధాన్యం బయటికి మోసే కూలీలు ఉంటారు. మారిన ప్రొటీన్ తాను పని చేయదు, చేసేవాళ్లను చేయనివ్వదు. గాదె వాకిట్లో అడ్డంగా కూర్చుంటుంది. పాతబడ్డ ప్రొటీన్లను కణం ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది, ఇది ఆ చీపురుకూ అందదు. పోగుపడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ప్రొటీన్ ఎంత తయారవ్వాలన్నది మీరు తినే తిండి మీద ఆధారపడి ఉంటుంది. పిండి పదార్థం, చక్కెర తిన్నప్పుడు, ఇన్సులిన్ పెరిగినప్పుడు లివర్ దీన్ని ఎక్కువగా చేస్తుంది. అంటే వాకిట్లో అడ్డంగా కూర్చునేవాళ్లను మన పళ్లెమే పిలుస్తోంది. ఈ మార్పును ఎలుకల్లో పెట్టి చూశారు. మామూలు మేత వేసినంతకాలం వాటి లివర్ మామూలుగానే ఉంది. చక్కెర ఎక్కువ వేసిన తర్వాత కొవ్వు పట్టింది. 2010లో అమెరికాలో స్పానిష్ మూలాలున్న బొద్దు పిల్లల్ని పరీక్షిస్తే, రెండు కాపీలూ మారిన పిల్లల్లోనే చక్కెర వాడకానికీ లివర్ కొవ్వుకూ లంకె కనిపించింది, మిగతావారిలో కనిపించలేదు.

మీవారికి ఇది చదివి వినిపించండి. జన్యువు ఉంటే తిండికి విలువ తగ్గదు, పెరుగుతుంది. ఇంకో మాట కూడా. ఈ మార్పు ఉన్నవాళ్లు బరువు తగ్గినప్పుడు లివర్‌లో కొవ్వు మిగతావాళ్లకంటే ఎక్కువగానే దిగడం కొన్ని అధ్యయనాల్లో కనిపించింది.

తమ్ముడి గురించి మీకు కొంచెం అసూయ ఉన్నట్టుంది, తప్పు లేదు. ఒకే పేకదస్తాలోంచి పంచినా ఇద్దరి చేతిలో ఒకే ముక్కలు పడవు కదా. అతనికి ఆ మార్పు రాకపోయి ఉండొచ్చు. లేదా హెచ్‌ఎస్‌డీ17బీ13 అని లివర్‌ను కాస్త కాపాడే మార్పు ఇంకొకటి ఉంది, అది వచ్చి ఉండొచ్చు. అయితే లివర్‌లో కొవ్వు కొద్దిగా ఉంటే అల్ట్రాసౌండ్ కంటికి ఆనదు. 90 కిలోలూ, వారానికి మూడు బిర్యానీలూ గుండె లెక్కలో ఎలాగూ పడతాయి. మీలాగే అతనికీ నాన్నగారి చరిత్ర ఉంది, ఎస్జీపీటీ, షుగర్ ఏడాదికోసారి చూపించుకోమనండి.

ఇప్పుడు మీ పళ్లెం. ఉత్తరంలో నూనె గురించి ఆరు చోట్ల రాశారు. అన్నం గురించి ఒక్క చోటే. ఒక రోజు తిండి మొత్తం రాసినందుకు మాత్రం మెచ్చుకుంటాను, చాలామంది రాయరు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, రెండు చెంచాల తేనె. రెండు చెంచాల చక్కెరతో కాఫీ. నాలుగు ఇడ్లీలు. పదకొండింటికి టీ, బిస్కెట్లు. మధ్యాహ్నం క్యారేజీ నిండా అన్నం, పప్పుచారు, నూనె లేకుండా ఉడకబెట్టిన కూర, పెరుగన్నం. సాయంత్రం పెద్ద గ్లాసు బత్తాయి జ్యూస్. రాత్రి మూడు చపాతీలు, ఆపైన నిద్ర కోసం మళ్లీ పెరుగన్నం. శనివారం ఒక్కపొద్దు, పళ్లూ సగ్గుబియ్యం ఉప్మా.

ఇందులో చెడ్డ పదార్థం ఒక్కటీ లేదు. మన అమ్మలు మెచ్చుకునే తిండే ఇది. కానీ పొద్దుటి నుంచి రాత్రి దాకా వరసగా పిండీ చక్కెరా. లివర్‌లోని కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందో 2005లో ఫ్యాటీ లివర్ రోగుల్లో గుర్తులు పెట్టి లెక్క కట్టారు. సుమారు 59 శాతం ఒంట్లో నిలవ ఉన్న కొవ్వు కరిగి రక్తంలో కొట్టుకొచ్చింది. 26 శాతం లివర్ తనంతట తానే, ముఖ్యంగా పిండి, చక్కెరల నుంచి తయారు చేసుకున్నది. పళ్లెంలోని నూనె, నెయ్యి నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. మీరు ఏడాదిగా ఆ చిన్న వాటా మీదే యుద్ధం చేస్తున్నారు. నూనె లేని కూర సహించక, అన్నం ఇంకో గరిటె ఎక్కువ పడి ఉంటుంది కూడా.

అందరికంటే ముందు తేనె నీళ్లు మానేయండి. తేనె ప్రకృతి సిద్ధమే, బెల్లం కూడా, కానీ లివర్‌కు ఆ తేడా తెలియదు. అందులోని ఫ్రక్టోజ్ అనే చక్కెరలో ఎక్కువ భాగం నేరుగా లివర్‌కే చేరుతుంది. తర్వాత జ్యూస్. ఒక గ్లాసుకు మూడు నాలుగు బత్తాయిలు పిండుతారు, తొనలు ఒలిచి తింటే ఒకటి దగ్గరే చెయ్యి ఆగుతుంది. పండు తినండి, రసం వద్దు. కాఫీ మానమని మాత్రం అనను. కాఫీ తాగేవాళ్లలో లివర్ మచ్చలు తక్కువని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. చక్కెర మాత్రం రెండు చెంచాల నుంచి అరకు, వీలైతే సున్నాకు దించండి.

అన్నం విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి, అన్నం పూర్తిగా మానేసి కొర్రలు, అరికెలు, జొన్నరొట్టెల మీదకు వెళ్లడం. చాలామంది ఉత్సాహంగా మొదలుపెడతారు, రెండు నెలల్లో ఎవరింట్లోనో పెళ్లి వస్తుంది, అక్కడితో సరి. పైగా కొర్రన్నం కూడా పళ్లెం నిండా తింటే పిండి పిండే. రెండోది, అన్నాన్ని సగం చేసి, ఖాళీ అయిన సగంలో కూర, ముద్దపప్పు నింపడం. పప్పుచారు కాదు, అందులో పప్పు మునివేళ్లతో వెతుక్కోవాలి. పొద్దున ఇడ్లీల బదులు వారంలో నాలుగు రోజులు పెసరట్టు, సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రికి చపాతీ గానీ పెరుగన్నం గానీ ఏదో ఒక్కటి. కూరలో రోజుకు మూడు నాలుగు చెంచాల నూనె వాడుకోండి, కూర రుచిగా ఉంటేనే అన్నం తగ్గుతుంది. నేనైతే ఈ రెండో దారికే ఓటు వేస్తాను, నెమ్మదిగా ఉన్నా నిలుస్తుంది కాబట్టి. ఒక్కపొద్దు మీ నమ్మకం, దాని జోలికి రాను. సగ్గుబియ్యం బదులు ఉడికించిన పల్లీలు, పెరుగు, ఒక పండు పెట్టుకుంటే దేవుడికీ లివర్‌కూ అభ్యంతరం ఉండదు.

బరువు ఎంత తగ్గాలి? మీకు 58లో 5 శాతం, అంటే సుమారు 3 కిలోలు. సన్నగా ఉన్నవాళ్లకు 3 నుంచి 5 శాతం తగ్గినా లివర్‌లో కొవ్వు బాగా దిగుతుంది. లావుగా ఉండి లివర్‌కు వాపు, మచ్చ వచ్చినవారికి 7 నుంచి 10 శాతం కావాలి. నెలలో పది కిలోలు తగ్గించే ప్యాకేజీల జోలికి వెళ్లొద్దు, అంత వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదం ఉంది. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి. బరువు తగ్గకపోయినా నడకతో లివర్ కొవ్వు కొంత తగ్గుతుంది. మందుల విషయానికొస్తే, అమెరికాలో 2024లో ఒకటి, 2025లో మరొకటి అనుమతి పొందాయి గానీ అవి మచ్చలు ఒక స్థాయికి చేరినవారికి. ఇప్పటికి మీ అంకెలను బట్టి వాటితో పని లేదు. లివర్ టానిక్‌లు కొవ్వు తీయవు. తిప్పతీగ రసం తాగుతున్నానని చివర్లో చిన్నగా రాశారు, అది ఆపేయండి. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడినవారిలో లివర్ దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు.

జీన్ టెస్ట్ సంగతి. చేయించుకున్నారనుకుందాం. మార్పు ఉందని వస్తే మీరు చేయాల్సింది పైన రాసినదే, ఆ జన్యువును సరిచేసే మందు ఇంకా బజార్లోకి రాలేదు. లేదని వస్తే, "ఏమీ లేదుగా" అని జ్యూస్ గ్లాసు మళ్లీ చేతికొస్తుంది. మీ 5.9, 34 అంగుళాలు మాత్రం అలాగే ఉంటాయి. ఇంకో చిక్కు. ఆ కాగితం ఇంట్లో ఎవరి చేతికి వెళ్తుందో ఆలోచించండి. "మీ వైపు ఏదో ఉంది" అనేవారికి అది స్టాంపు వేసిన రుజువు అవుతుంది, రేపు పాప పెళ్లి మాటల్లో కూడా తేలుతుంది. మరోవైపు, కారణం కాగితం మీద కనబడితే తప్ప పట్టుదల రాని మనుషులూ ఉంటారు. మీరు అలాంటివారైతే, డాక్టరు సలహాతో చేయించుకోవడంలో తప్పు లేదు. ఫోన్ చేసి తొందరపెట్టేవారి దగ్గర మాత్రం వద్దు. డబ్బు ఒక్కదానికే ఉంటే ఫైబ్రోస్కాన్‌కు పెట్టండి.

అత్తగారికి ఎలా చెప్పాలన్నారు. మీరు వాదించకండి, ఈసారి డాక్టరు దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్లండి. ఇదే మాట డాక్టరు నోట వింటే లెక్క వేరు. "నాన్ ఆల్కహాలిక్" అంటూ మద్యం చుట్టూ తిరిగే పాత పేరుతో రోగులకు చెడ్డపేరు వస్తోందనే, 2023లో ఈ జబ్బుకు ఒంట్లో చక్కెర, కొవ్వుల వాడకంలో వచ్చిన తేడాను సూచించే కొత్త పేరు పెట్టారు. మన దేశంలో పెద్దవాళ్లలో మూడో వంతుకు పైగా మందికి ఇది ఉందని అంచనా. ఆవిడకూ ఒక స్కాన్ చేయిస్తే ఏ వైపు ఏముందో తెలుస్తుంది. సరదాకే అంటున్నాను, పూర్తిగా సరదాకి కాదు.

మీ అమ్మగారికి మాత్రం మీరే చెప్పాలి, ఫోన్లో కాదు, ఒకసారి వెళ్లి. ఆవిడ వండింది ఊరంతా తిన్న తిండే. అదే అన్నం తిన్న ఆ వీధిలో ఎంతమంది ఎనభై దాటారో ఆవిడకే తెలుసు. నాన్నగారి ఒంటితత్వం వేరు, షుగర్ దానికి తోడైంది. ఆ జన్యువుకూ లివర్ కొవ్వుకూ ఉన్న లంకె తెలిసిందే ఆయన పోవడానికి మూడేళ్ల ముందు. ఆ రోజుల్లో తాగని మనిషి లివర్ గురించి ఇప్పటంత ఆలోచన లేదు. "నువ్వు పెట్టిన అన్నం వల్ల కాదు" అని ఒక్క ముక్కలో చెబితే ఆవిడ నమ్మదు. పక్కన కూర్చుని ఇదంతా చెప్పండి. పదో రోజున విన్న మాట గురించి కూడా మాట్లాడండి, ఆవిడా విని ఉంటుంది.

ఆఖరుగా పాప. తనకు జీన్ టెస్ట్ వద్దు. తన నిర్ణయం కానిదాన్ని జీవితాంతం మోయమనడం అవుతుంది. పిల్లల డాక్టరు దగ్గర ఎత్తు, బరువు, ఎస్జీపీటీ, షుగర్ చూపించండి, ఆ వయసులో బొద్దుగా ఉండి ఇంట్లో చరిత్ర ఉన్న పిల్లలకు ఇది చేయాల్సిన పనే. దాన్ని "డైట్"లో పెట్టకండి, పదేళ్ల పిల్ల పళ్లెం వేరుగా ఉంటే బడి డబ్బాలో ఇంకోటి తింటుంది. ఇంటి పళ్లెం మారితే తనదీ మారుతుంది, జ్యూస్ గ్లాసు ఇంట్లోంచే పోవాలి. మెడ వెనక నలుపు మురికి కాదమ్మా. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు అక్కడ చర్మం మందమై నల్లబడుతుంది, అది తగ్గితే నలుపూ మెల్లగా తగ్గుతుంది. మిగతావన్నీ వచ్చే వారం మొదలుపెట్టినా ఫర్వాలేదు, శనగపిండితో రుద్దడం మాత్రం ఇవాళే ఆపేయండి.